అదిమిపట్టే ప్రక్రియలు: పట్టు, కాలం, ఊపిరి

4.1 ఉపోద్ఘాతం

కిందటి భాగంలో జూడోలోని పడవేసే ప్రక్రియలను గురించి చదివారు. ప్రత్యర్థిని పడవేయడంతో పని పూర్తయిందని చాలామంది అనుకుంటారు. కాని పడిన మనిషి పడినట్టే ఉండడు. రెప్పపాటులో పక్కకు దొర్లుతాడు, మోకాళ్ల మీదికి లేస్తాడు, లేదా మీదికి వస్తున్నవాడి కాలిని తన కాళ్ల మధ్య ఇరికించుకుంటాడు. అందుకే నేలమీది పోరును జూడోలో ప్రత్యేకంగా అభ్యసిస్తారు. అందులో మొదట నేర్పేది ప్రత్యర్థిని వెల్లకిలా అదిమి, లేవనివ్వకుండా ఉంచడం.

ఈ భాగం చదివిన తరువాత మీరు జూడోలో పట్టు ఎప్పుడు పట్టుగా లెక్కకు వస్తుందో చెప్పగలగాలి. కనీసం రెండు పట్లను శరీర భాగాల స్థానాలతో సహా వర్ణించగలగాలి. వెల్లకిలా పట్టి ఉంచడానికీ, బోర్లా పట్టి ఉంచడానికీ తేడా ఏమిటో వివరించగలగాలి. ఈ చివరి అంశాన్ని పరీక్ష కోసం మాత్రమే చదవకండి. మీలో కొందరు రేపు వ్యాయామ ఉపాధ్యాయులవుతారు. కొందరు హాస్టల్ వార్డెన్లుగా, ఆసుపత్రి సిబ్బందిగా, పోలీసు ఉద్యోగులుగా పనిచేస్తారు. ఒక మనిషిని మరో మనిషి నేలకు అదిమిపట్టే సందర్భం ఈ ఉద్యోగాలన్నింటిలోనూ ఎదురవుతుంది.

4.2 మాటలు, వాటి అర్థాలు

తెలుగులో ‘పట్టు’ అనే మాట చేతి బిగువును సూచిస్తుంది. ఉడుంపట్టు అన్నప్పుడు మన మనసులో మెదిలేది వేళ్ల బలమే. కుస్తీ పట్లు అన్నప్పుడు అర్థం కొంచెం విస్తరిస్తుంది. అక్కడ పట్టు అంటే శరీరమంతటితో వేసే ఎత్తు. ఈ భాగంలో మనం రెండో అర్థంలోనే ఆ మాటను వాడుతున్నాం. జూడో పట్టులో వేళ్ల బిగువు పాత్ర చాలా తక్కువ అని ముందుముందు మీకే తెలుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఓడించడాన్ని మనం ‘మట్టి కరిపించడం’ అంటాం. మట్టి కరవాలంటే ముఖం నేలవైపు ఉండాలి. కాని కుస్తీలో ముఖం నేలకు తగిలినవాడు ఓడినట్టు కాదు, వీపు నేలకు తగిలినవాడే ఓడినట్టు. జూడోలోనూ అంతే. జాతీయం ఒకటి చెబుతుంది, గోదా మరొకటి చెబుతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఈ భాగంలోని ముఖ్యవిషయమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

జిగొరో కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో కొడోకాన్‌ను స్థాపించి, పాత జుజుత్సు సంప్రదాయాల నుంచి ఏరిన ప్రక్రియలతో జూడోను రూపొందించాడు. నేలమీద ప్రయోగించే ప్రక్రియలను ‘కతామె-వజా’ అంటారు. ఇందులో మూడు వర్గాలు: అదిమిపట్టేవి (ఒసాయెకోమి-వజా), గొంతు బిగించేవి (షిమె-వజా), కీళ్లను బంధించేవి (కన్సెత్సు-వజా). కతామె-నో-కతా అనే అభ్యాస క్రమంలో ఒక్కో వర్గం నుంచి అయిదు చొప్పున మొత్తం 15 ప్రక్రియలుంటాయి. ఆ క్రమం అదిమిపట్టే వర్గంతోనే మొదలవుతుంది.

పట్టు వేసే వ్యక్తిని తోరి అనీ, పట్టులో ఉన్న వ్యక్తిని ఉకే అనీ పిలుస్తారు. ఈ మాటలకు ఆడ, మగ తేడా లేదు. ఇకమీదట మనం కూడా ఇవే వాడదాం.

4.3 పట్టు ఎప్పుడు లెక్కకు వస్తుంది?

తోరి ఉకే మీద పడుకున్నంత మాత్రాన పట్టు కాదు. పోటీలో రిఫరీ చేయి చాచి ‘ఒసాయెకోమి’ అని ప్రకటించాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. ఉకే వీపుగాని, రెండు భుజాలుగాని, కనీసం ఒక భుజంగాని మ్యాట్‌కు తగిలి ఉండాలి. తోరి పక్కనుంచో, తలవైపు నుంచో, పైనుంచో ఉకేను అదుపులో ఉంచాలి. తోరి కాళ్లు ఉకే కాళ్లలో చిక్కుకుని ఉండకూడదు. తోరి శరీరం ఆమోదిత భంగిమల్లో ఒకదానిలో ఉండాలి.

మూడో షరతును కొత్తవారు తేలిగ్గా తీసుకుంటారు. తోరి ఎంత బలంగా అదిమినా, ఉకే తన రెండు కాళ్లతో తోరి కాలినొకదాన్ని ఇరికించుకోగలిగితే పట్టు పోయినట్టే. రిఫరీ ‘తోకెతా’ అంటాడు, అంటే విడిపోయింది అని. అప్పటిదాకా నడిచిన సెకన్లు అక్కడితో ఆగుతాయి. ఎందుకంత ప్రాధాన్యం? మనిషి శరీరంలో కాళ్లే అన్నింటికన్నా బలమైన అవయవాలు. వెల్లకిలా పడుకున్నా వాటితో ఎదుటివాణ్ణి నెట్టవచ్చు, తిప్పవచ్చు, దూరంగా ఉంచవచ్చు. ఆ కాళ్లను దాటి వచ్చాకే అదుపు మొదలవుతుంది. బ్రెజిలియన్ జుజిత్సులో ఇదే సూత్రానికి నేరుగా పాయింట్లిచ్చారు. కాళ్ల అడ్డును దాటి పక్కకు చేరి నిలదొక్కుకుంటే 3 పాయింట్లు, పొట్ట మీదికెక్కి రెండు పక్కలా కాళ్లు వేసి నిలిస్తే 4.

ఉకే బోర్లా తిరిగినా పట్టు విడిపోయినట్టే. కాని ఉకే నడుమును పైకెత్తి వంతెనలా లేచినంత మాత్రాన విడిపోదు. అదుపు తోరి చేతిలోనే ఉందని రిఫరీ భావిస్తే కాలం నడుస్తూనే ఉంటుంది.

4.4 కేసా-గటామె

ఒక పట్టును నిదానంగా పరిశీలిద్దాం. ఇది అర్థమైతే మిగిలినవి సులభమవుతాయి.

పేరుతోనే మొదలుపెడదాం. ఆంగ్ల పుస్తకాల్లో దీన్ని మెడకు కట్టుకునే స్కార్ఫ్‌తో పోల్చారు. జపనీయులు ‘కేసా’ అనేది బౌద్ధ భిక్షువు ఒక భుజం మీదుగా ఏటవాలుగా వేసుకునే వస్త్రాన్ని. ఆ మాటకు మూలం సంస్కృతంలోని ‘కాషాయ’ శబ్దం. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి కేసా అయింది. మనకు కాషాయం అంటే రంగు, వారికి అది కట్టు. ‘గటామె’ అంటే గట్టిపరచడం, బిగించడం. భిక్షువు భుజం మీది వస్త్రంలా, ఉకే ఛాతీ మీద ఏటవాలుగా పరచుకునే పట్టు ఇది.

ఉకే వెల్లకిలా ఉన్నట్టు ఊహించండి. తోరి ఉకే కుడిపక్కన, తుంటిని ఉకే చంకకిందికి ఆనించి మ్యాట్ మీద కూర్చుంటాడు. తోరి కుడిచేయి ఉకే మెడచుట్టూ వెళుతుంది. ఉకే కుడిచేతిని తోరి తన ఎడమచంకలో ఇరికించి, మోచేతి దగ్గర దుస్తుల చేతిని పట్టుకుంటాడు. కుడికాలు ముందుకు, ఎడమకాలు వెనక్కి, రెండూ బాగా ఎడంగా ఉంటాయి. తల కిందికి వంగి ఉకే తల దగ్గరికి చేరుతుంది.

బరువు ఎక్కడుంది? తోరి పక్కటెముకలు ఉకే ఛాతీకి ఒక పక్కన ఆనతాయి. తుంటి, రెండు కాళ్లు మ్యాట్ మీదుంటాయి. అంటే శరీరబరువు కొంత ఉకే మీద, కొంత నేలమీద పడుతుంది. ముక్కాలిపీటను తలచుకోండి. కాళ్లు దగ్గరగా ఉన్న పీట చిన్న తోపుకే ఒరిగిపోతుంది, ఎడంగా ఉన్నది ఒరగదు. తోరి కాళ్లు ఎడంగా ఉంచడంలోని కారణం ఇదే. ఉకే తోసే దిశను బట్టి తోరి కాళ్లను కొద్దికొద్దిగా జరుపుకుంటూ, గురుత్వకేంద్రం ఎప్పుడూ ఆ ఆధారాల మధ్యే ఉండేట్టు చూసుకుంటాడు. బయటినుంచి చూసేవారికి తోరి కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతి సెకనూ సర్దుకుంటూనే ఉంటాడు.

ఇక ఉకే కుడి మోచేయి. ఈ పట్టుకు తాళంచెవి అదే. ఆ మోచేయి తోరి చంకలో బిగిసి, నేలకు దూరంగా ఉన్నంతసేపు ఉకే తోరివైపు తిరగలేడు. మోచేతిని లాక్కుని నేలకు ఆనించగలిగాడంటే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే నడుము తిరుగుతుంది. అందుకే అనుభవమున్న తోరి మెడను బిగించడం మీద కన్నా మోచేతిని పైకి లాగి ఉంచడం మీదే శ్రద్ధ పెడతాడు. కొత్తవారు దీనికి తలకిందులుగా చేస్తారు. మెడను శక్తికొద్దీ పిండుతూ మోచేతిని మరచిపోతారు. ఉకేకు మెడ నొప్పి పుడుతుంది, పట్టు మాత్రం ఊడిపోతుంది.

4.5 షిహో పట్లు

‘షిహో’ అంటే నాలుగు దిక్కులు. కల్లంలో వడ్లరాశి మీద టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ టార్పాలిన్ స్థానంలో ఉకే మొండెం ఉంటుంది, మూలలు రెండు భుజాలు, రెండు తుంట్లు. నాలుగింటి మీదా రాయి పెట్టడం ఒక్క మనిషికి సాధ్యం కాదు. కనుక తోరి ఏ మూలలను పట్టుకుంటాడు, ఏ మూలను గమనిస్తూ వదిలిపెడతాడు అన్నదాన్ని బట్టి పట్టు పేరు మారుతుంది.

పక్కనుంచి ఛాతీ మీద ఛాతీ వేసి, ఒక చేయి మెడకింద నుంచి, మరో చేయి కాళ్ల మధ్యనుంచి పోనిచ్చి పట్టుకుంటే యోకో-షిహో. తలవైపు నుంచి వచ్చి, రెండు చేతులూ భుజాల కిందుగా పోనిచ్చి నడుము పట్టీని రెండు పక్కలా పట్టుకుంటే కామి-షిహో. పొట్టమీద స్వారీ చేస్తున్నట్టు రెండు పక్కలా కాళ్లు వేసి పైన పరచుకుంటే తాతె-షిహో. పేరు ముందు ‘కుజురె’ అని ఉంటే అసలు రూపాన్ని కొంచెం సడలించి, మార్చి వేసినదని అర్థం. పోటీల్లో కనిపించేవి ఎక్కువగా ఈ మార్చినవే. ఎదుటి మనిషి పుస్తకంలో బొమ్మలా కదలకుండా పడుకోడు కదా!

కతా-గటామె ఒక్కటి ఈ వరసలో వేరుగా నిలుస్తుంది. ఇందులో ఉకే మెడనూ, ఒక చేతినీ కలిపి తోరి తన చేతికీ తలకూ మధ్య బిగిస్తాడు. అదిమిపట్టే వర్గంలోనే దీన్ని చేర్చినా, బాగా బిగిస్తే ఇది గొంతు బిగింపుగా కూడా పనిచేస్తుంది. అభ్యాసంలో దీన్ని వేసేటప్పుడు నెమ్మదిగా బిగించాలి.

4.6 కాలం లెక్క

అంతర్జాతీయ పోటీల్లో పూర్తి పాయింటుకు, అంటే ఇప్పోన్‌కు, చాలాకాలం 30 సెకన్ల పట్టు అవసరమయ్యేది. తరువాత అది 25 సెకన్లయింది, 2013 నుంచి 20 సెకన్లయింది. 2017 నుంచి 10 సెకన్లు పట్టి ఉంచితే వజా-ఆరి వస్తోంది. 2025లో యుకో అనే చిన్న పాయింటు మళ్లీ అమల్లోకి వచ్చింది. దానికి 5 సెకన్లు చాలు. రెండు వజా-ఆరిలు కలిస్తే పోటీ ముగుస్తుంది. కాబట్టి ఇప్పటికే ఒక వజా-ఆరి ఉన్న తోరికి 10 సెకన్ల పట్టే గెలుపు.

అసలు ఇంతసేపు ఎందుకు? పడవేయడంలో గెలుపు ఒక్క క్షణంలో తేలుతుంది. పట్టులో అలా తేలదు. పట్టు దొరికిన మొదటి రెండు మూడు సెకన్లు అదృష్టం కావచ్చు. తరువాతి సెకన్లలో ఉకే ఒకవైపు తోస్తాడు, మరోవైపు తిరుగుతాడు, వంతెన వేస్తాడు. అన్నిటికీ తోరి దగ్గర జవాబుందా లేదా అన్నది తేలడానికే ఆ కాలం. నా ఉద్దేశంలో కాలాన్ని కుదించడం వల్ల పోటీ చూడటానికి బాగుపడింది, విడిపించుకునే నేర్పుకు మాత్రం అవకాశం తగ్గింది.

దీనికి చరిత్రలో నిలిచిన ఉదాహరణ 1964 టోక్యో ఒలింపిక్స్. జూడో ఒలింపిక్స్‌లో చేరింది అప్పుడే. నాలుగు విభాగాల్లో మూడింటిని జపాన్ గెలుచుకుంది. బరువుతో నిమిత్తంలేని నాలుగో విభాగం ఫైనల్ అక్టోబరు 23న నిప్పోన్ బుడోకాన్‌లో జరిగింది. జపాన్ తరఫున అకియో కామినగా, నెదర్లాండ్స్ తరఫున ఆంటాన్ గీసింక్. గీసింక్ దాదాపు రెండు మీటర్ల పొడగరి. 1961లో పారిస్‌లో ప్రపంచ విజేతగా నిలిచి, జపానేతరుల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడయ్యాడు. ఫైనల్ తొమ్మిది నిమిషాలు దాటాక కామినగా ఎత్తు విఫలమై ఇద్దరూ నేలమీదికి వచ్చారు. గీసింక్ కేసా-గటామె వేశాడు. 30 సెకన్లు. సొంతదేశపు ప్రేక్షకుల ముందు కామినగా ప్రతి దిక్కుకూ ప్రయత్నించాడు. పట్టు విడలేదు.

ఆ పోటీని తలచుకునేవారు ఇంకో దృశ్యాన్ని కూడా చెబుతారు. గెలుపు ప్రకటించగానే డచ్ అభిమానులు మ్యాట్ మీదికి పరుగెత్తబోతే, గీసింక్ ఇంకా కింద ఉండగానే చేయెత్తి వారిని ఆపాడు. గీసింక్ ఎత్తు, బరువు ఆ గెలుపుకు తోడ్పడ్డాయనడంలో సందేహం లేదు. కాని పోటీ ముగిసింది బరువుతో కాదు, మోచేతినీ మెడనూ తిరగనివ్వకుండా బిగించిన పట్టుతో. జపాన్‌లో తొలి పాఠాల్లోనే నేర్పే పట్టుతో.

4.7 విడిపించుకోవడం

పట్టు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే అది ఎలా ఊడుతుందో తెలియాలి. ఉకే ముందున్న దారులు స్థూలంగా మూడు. వంతెన వేసి తోరిని తన మీదుగా అవతలికి దొర్లించడం, సందు చేసుకుని తోరివైపు తిరిగి బోర్లా పడటం, తోరి కాలిని తన కాళ్లలో ఇరికించుకోవడం.

కేసా-గటామెలో తోరి బరువు ముందుకు, అంటే ఉకే తలవైపుకు మొగ్గినప్పుడు వంతెన పనిచేస్తుంది. ఉకే కుడిపక్కన తోరి ఉంటే, ఎడమ భుజం మీదుగా ఏటవాలుగా దొర్లించాలి. తోరి దాన్ని పసిగట్టి వెనక్కి మొగ్గితే, ఆ క్షణంలోనే మోచేతిని లాక్కుని లోపలికి తిరగాలి. ఒక దిక్కుకు తోయడం, ఎదుటివాడు ఎదురుతోయగానే రెండో దిక్కుకు వెళ్లడం. ఒక్కదిక్కుకే శక్తికొద్దీ తోసేవాడు అలసిపోతాడు తప్ప బయటపడడు. కింద ఉన్నప్పుడు అలసట రెట్టింపు వేగంతో వస్తుంది, ఎందుకంటే ఛాతీ మీద ఇంకొకరి బరువు ఉంది. ఈ సంగతిని 4.9లో మళ్లీ అందుకుందాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అ) ఉకే తోరి కాలిని తన కాళ్ల మధ్య ఇరికించుకుంటే రిఫరీ ఏమని ప్రకటిస్తాడు? ఎందుకు?
ఆ) కేసా-గటామెలో తోరి కాళ్లు ఎడంగా ఉండటానికి కారణాన్ని గురుత్వకేంద్రం ఆధారంగా రాయండి.

4.8 ఇతర విద్యల్లో

హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లోనూ, ఉత్తరాది అఖాడాల్లోనూ మట్టిగోదాలో సాధన చేసే కుస్తీలో వీపు నేలకు తగలడమే ఓటమి. అక్కడ సెకన్ల లెక్క లేదు, తగిలిందా లేదా అన్నదే ప్రశ్న. అందుకే అదుపు తప్పిన పహిల్వాన్ వెంటనే బోర్లా పడి మట్టిని కరుచుకుని ఉంటాడు. పైనున్నవాడి పనల్లా అతణ్ణి వెల్లకిలా తిప్పడం. ఒలింపిక్ కుస్తీలో రెండు భుజాలూ మ్యాట్‌కు ఆని ఉండటాన్ని ‘ఫాల్’ అంటారు. పూర్తి అదుపు ఉందని రిఫరీ గమనించేటంత సేపు ఆనితే చాలు. వీపు మ్యాట్‌తో 90 డిగ్రీలకన్నా తక్కువ కోణంలోకి వచ్చినా దాన్ని ప్రమాదస్థితిగా పరిగణించి ఎదుటివారికి పాయింట్లిస్తారు.

ఐకిడోలో దీనికి వ్యతిరేకం. ఇక్కియో మొదలైన పట్లు ఎదుటి వ్యక్తిని బోర్లా పడుకోబెట్టి, చాచిన చేతిని నేలకు అదిమి ఉంచడంతో ముగుస్తాయి. బోర్లా ఉన్నవాడు గుద్దలేడు, పట్టుకోలేడు, ఎదురుగా ఏం జరుగుతోందో చూడలేడు. కనుక ఎదుటివ్యక్తిని నిర్బంధించాలన్న ఉద్దేశమున్నచోట బోర్లా పట్టే ఎన్నుకున్నారు. పోలీసు శిక్షణల్లో కనిపించేదీ ఇదే. క్రీడల్లో వెల్లకిలా పట్టును ఎన్నుకున్నారు, ఎందుకంటే అక్కడ ప్రత్యర్థికి చేతులూ కాళ్లూ చూపూ అన్నీ ఉన్నా అదుపు చేయగలగడమే పరీక్ష.

4.9 బోర్లా పట్టు, ఊపిరి

ఈ విషయంలోకి వెళ్లేముందు ఒక చిన్న కృత్యం చేయండి. చాపమీద వెల్లకిలా పడుకుని పొట్టమీద చేయి ఉంచి పది ఊపిర్లు తీయండి. చేయి పైకి లేచి దిగడం తెలుస్తుంది. ఇప్పుడు బోర్లా తిరిగి, రెండు చేతులూ వెనక్కి పెట్టి వీపు మీద కలిపి ఉంచి, మరో పది ఊపిర్లు తీయండి. ప్రతి ఊపిరికీ మీ శరీరమే పైకి లేవవలసి రావడం గమనించండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు ఈ కృత్యం చేయవద్దు. ఎవరినీ మీ వీపు మీద కూర్చోబెట్టుకోవద్దు.

ఏం జరిగింది? ఊపిరి పీల్చేటప్పుడు ఉదరవితానం కిందికి దిగుతుంది. దానికి చోటు ఇవ్వడానికి పొట్ట ముందుకు వస్తుంది. పక్కటెముకలు పైకీ పక్కలకీ విచ్చుకుంటాయి. బోర్లా పడుకుంటే పొట్టకూ ఛాతీకీ ముందు నేల అడ్డం. అయినా ఇబ్బంది లేకుండా నిద్రపోతున్నాం కదా అని మీరు అడగవచ్చు. మన బరువును మనం ఎత్తుకోగలం, పైగా చేతులతో సర్దుకోగలం, పక్కకు ఒత్తిగిలగలం. చేతులు వెనక్కి కట్టేసి, వీపు మీద ఒకరిద్దరి బరువు పడినప్పుడు ఈ మూడు అవకాశాలూ పోతాయి. ఊబకాయం, ఆస్తమా, మత్తు, అప్పటికే పరుగెత్తి అలసిన స్థితి తోడైతే ప్రమాదం పెరుగుతుంది.

ఇక్కడ ఒక విషవలయం ఉంది. ఊపిరి చాలని మనిషి ఛాతీకి చోటు చేసుకోవడానికి పెనుగులాడతాడు. పట్టుకున్నవారికి అది ఎదురుతిరగడంలా కనిపిస్తుంది. వారు ఇంకా గట్టిగా అదుముతారు. చివరికి పెనుగులాట ఆగిపోతే లొంగిపోయాడనుకుంటారు. అమెరికా న్యాయశాఖ పరిధిలోని సంస్థ 1995లోనే పోలీసు విభాగాలకు దీని మీద ఒక హెచ్చరిక పత్రం జారీచేసింది. చేతికి సంకెళ్లు పడగానే వ్యక్తిని బోర్లా ఉంచవద్దని, వెంటనే పొట్టమీది నుంచి తిప్పాలని అందులో స్పష్టంగా చెప్పారు.

2020 మే 25న మినియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే వ్యక్తిని పోలీసులు సంకెళ్లు వేసి రోడ్డుమీద బోర్లా పడవేశారు. ఒక అధికారి మెడమీద మోకాలు పెట్టాడు, మరి ఇద్దరు వీపునూ కాళ్లనూ పట్టుకున్నారు. ఊపిరాడటం లేదని అతను పదేపదే చెప్పాడు. ఆ పట్టు 9 నిమిషాల 29 సెకన్లు సాగినట్టు కోర్టు విచారణలో ప్రాసిక్యూషన్ చూపించింది. ఫ్లాయిడ్ మరణించాడు. ఆ అధికారిని 2021లో హత్యానేరం కింద దోషిగా నిర్ధారించారు. జూడోలో గెలుపోటములు తేల్చడానికి చాలిన 20 సెకన్లు ఆ వ్యవధిలో 28 సార్లు గడిచిపోతాయి.

‘మాట్లాడగలుగుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే’ అనే మాట మీరు వినే ఉంటారు. ఇది తప్పు. స్వరతంతువులను కదిలించడానికి కొద్దిపాటి గాలి చాలు. శరీరానికి కావలసిన ఆక్సిజన్ అందాలంటే దానికన్నా ఎంతో ఎక్కువ గాలి ఊపిరితిత్తుల లోతుల దాకా వెళ్లిరావాలి. మొదటిది జరుగుతున్నంత మాత్రాన రెండోది జరుగుతోందని చెప్పలేం.

అయితే వెల్లకిలా పట్టు పూర్తిగా సురక్షితమా? కాదు. కామి-షిహోలో తోరి పొట్ట ఉకే ముఖాన్ని కప్పేయవచ్చు. యోకో-షిహోలో ఛాతీమీద బరువు బాగానే పడుతుంది. క్రీడలో రక్షణ భంగిమ నుంచి మాత్రమే రాదు. ముందే నిర్ణయమైన కాలపరిమితి ఉంది. పక్కనే నిలబడి ఉకే ముఖాన్ని చూస్తూ ఉండే రిఫరీ ఉన్నాడు. ఉకే తట్టగానే పట్టు వదలాలన్న నియమం ఉంది. రోడ్డుమీద, వార్డులో, హాస్టల్ గదిలో ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ఈ లోటును కొంత పూరిస్తుంది. తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడు మాత్రమే, అదీ బాధ్యుడైన మానసిక వైద్యుడి అనుమతితోనే, రోగిని భౌతికంగా నిర్బంధించవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది.

4.10 సాధన చేయించేవారికి

పాఠశాలలో గాని, క్లబ్బులో గాని మీరు ఈ ప్రక్రియలను నేర్పవలసి వస్తే, పట్టుకన్నా ముందు తట్టడం నేర్పండి. పిల్లలు సిగ్గుపడి తట్టరు. తట్టడం ఓడిపోవడమని అనుకుంటారు. అందుకని మొదటి రోజు ప్రతి జంటచేతా పట్టు బిగించకుండానే పదిసార్లు తట్టించండి, ప్రతిసారీ రెండోవారు వెంటనే వదిలేలా చూడండి. చేతులు రెండూ ఇరుక్కున్నప్పుడు పాదంతో మ్యాట్‌ను తట్టాలి. అదీ కుదరకపోతే ‘మైత్తా’ అని గాని, తెలుగులో ‘చాలు’ అని గాని అరవాలి. ఏ మాట అనాలో జంట ముందే అనుకోవాలి. అరుపు కూడా రాని స్థితి ఉంటుంది కనుక, పట్టు వేసినవారు ఉకే ముఖరంగునూ, కదలికనూ గమనిస్తూ ఉండాలి. పెనుగులాట ఒక్కసారిగా ఆగితే పాయింటు కోసం ఆగకుండా వదిలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

బరువులో బాగా తేడా ఉన్నవారిని జంట చేయవద్దు. తప్పనిసరైతే బరువెక్కువవారు మోకాళ్లనూ మోచేతులనూ నేలకు ఆనించి, తమ బరువులో కొంత అక్కడే నిలుపుకోవాలి. ఇలా సాధన చేసినవారికి అనుకోని లాభం కూడా ఉంటుంది. బరువు మీద ఆధారపడకుండా మోచేతిని, భుజాన్ని, తుంటిని ఎక్కడ ఆపాలో చేతికి తెలిసివస్తుంది. అభ్యాసంలో మొదటి వారం పట్టును 10 సెకన్లకు మించనివ్వవద్దు. గడియారం మీ చేతిలోనే ఉంచుకోండి, పిల్లలకు ఇవ్వవద్దు.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. కేసా-గటామెలో తోరి, ఉకేల శరీర స్థానాలను వర్ణించి, ఆ పట్టులో ఉకే కుడి మోచేతికి ఉన్న ప్రాధాన్యాన్ని వివరించండి.
2. కుస్తీ, జూడో, ఐకిడోలలో ప్రత్యర్థి ముఖం ఏ దిశగా ఉండాలన్న విషయంలో తేడాలు ఎందుకు ఏర్పడ్డాయి?
3. బోర్లా పట్టి ఉంచిన వ్యక్తి పెనుగులాటను ఎదురుతిరగడంగా భావించడంలోని ప్రమాదాన్ని, శ్వాసక్రియ ఆధారంగా చర్చించండి.